కొండమీది పరభాష

పిల్లలూ! ఈ మధ్య మా వీధిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "తాతగారూ, దక్షిణ కొరియా వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో కొరియా భాష చదువుకోవాలంటే ఎంత పైకం కావాలి?" అని అడిగింది. వాళ్ళ నాన్న ఆటో తోలుతాడు. అయినా ఆ పిల్ల అడగటానికి ఏమీ సంకోచపడలేదు. నాకు ముచ్చటవేసింది. ఇద్దరం కాగితం, పెన్సిలూ పట్టుకుని కూర్చున్నాం. ఆ లెక్క మీకు కూడా చెబుతాను. ఆ తరవాత మిమ్మల్ని ఇంకొక పరదేశం తీసుకుపోతాను. దానికి విమానం అక్కర్లేదు. విజయనగరంలో పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరుకోవచ్చు.

ముందు కొరియా సంగతి చూద్దాం. ఆ దేశపు రాజధాని సియోల్. మన గడియారం కన్నా అక్కడి గడియారం మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. మనం పొద్దున్న ఎనిమిదింటికి చద్దన్నం తినేటప్పుడు వాళ్ళు పదకొండున్నరకు బడిలో ఉంటారు. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టే చలి. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాలలో పరదేశపు వాళ్ళకు భాష నేర్పే శాఖలు ఉన్నాయి. యోన్సే విశ్వవిద్యాలయంలో ఆ శాఖను 1959లోనే పెట్టారు. సంవత్సరాన్ని నాలుగు విడతలుగా చేసి, ఒక్కొక్క విడతలో పది వారాలు పాఠం చెబుతారు. మొత్తం ఆరు మెట్లు. పేరున్న చోట ఒక విడతకు ఫీజు మన డబ్బులో లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. దానికి తోడు విమానం ఖర్చు, గది అద్దె, తిండి. బ్యాంకులో ఇంత సొమ్ము నిలవ ఉన్నదని కాగితం కూడా చూపాలి.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థులు 'గోషివన్' అనే ఇళ్ళలో ఉంటారు. గది అంటే ఒక మంచం, ఒక బల్ల, అంతే. చెయ్యి చాపితే ఎదుటి గోడ తగులుతుంది. కాని చాలా చోట్ల అన్నమూ, 'కిమ్చీ' అనే క్యాబేజీ ఊరగాయా ఇంటివారే ఇస్తారు. ఆవకాయ అన్నంతో కాలేజీ చదువు చదివిన మనవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు.

ఇంతకన్నా మంచి దారి ఒకటి ఉంది. కొరియా ప్రభుత్వం ఏటా పరదేశపు విద్యార్థులకు ఒక ఉపకార వేతనం ఇస్తుంది. దానికి ఎంపికైతే రానుపోను విమానం ఖర్చు, ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు అన్నీ వాళ్ళే ఇస్తారు. మొదటి ఏడాదంతా భాష నేర్పుతారు. ఆపైన పట్టం చదువు. అసలు గడప దాటకుండానే మొదలుపెట్టాలంటే హైదరాబాదులో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కొరియా భాష చెబుతారు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనూ చెబుతారు. మన అనంతపురం సీమలో, పెనుకొండ దగ్గర, 2019 నుంచి కొరియా వాళ్ళ కియా కార్ల కర్మాగారం నడుస్తున్నది. అంచేత ఈ భాష వచ్చినవారికి మన రాష్ట్రంలోనే పని దొరకవచ్చు.

భాష కష్టమా అంటారేమో. అక్షరాలు మాత్రం చాలా సులువు. పూర్వం కొరియా వాళ్ళు చైనా గుర్తులతో రాసుకునేవారు. వేలకొద్దీ గుర్తులు నేర్చుకోవాలి కనుక సామాన్యులకు చదువు అందేది కాదు. సెజోంగ్ అనే రాజు 1443లో కొత్త లిపి తయారుచేయించి 1446లో ప్రకటించాడు. అందులో ముఖ్యమైన అక్షరాలు ఇరవై నాలుగే. నోరు, నాలుక, గొంతు ఏ ఆకారంలో ఉంటే ఏ ధ్వని పుడుతుందో ఆ ఆకారాన్ని బట్టి హల్లులు గీశారు. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నట్టు, వాళ్ళు అక్టోబరు 9న తమ లిపికి పండుగ చేసుకుంటారు.

వాక్యం కూడా మన వాక్యంలాగే నడుస్తుంది. 'నానున్ పబుల్ మొగొయో' అంటే 'నేను అన్నం తింటాను' అని అర్థం. చూశారా, క్రియ మనకు మల్లేనే చివరకు వచ్చింది. 'నానున్' అన్న మాట వినగానే మీకు నవ్వు వచ్చి ఉంటుంది. మన శ్రీకాకుళం పల్లెల్లో 'నాను వస్తాను' అనే అంటాం కదా! అక్కడి పసిపిల్లలు అమ్మను 'ఒమ్మా' అనీ, నాన్నను 'అప్పా' అనీ పిలుస్తారు. ఇంతమాత్రాన రెండు భాషలూ అక్కచెల్లెళ్ళని అనుకోకండి. లోకంలో చాలా భాషల్లో పసివాళ్ళు పెదవులు కలిపి పలికే మొదటి మాటలు ఇలాగే ఉంటాయి. నాలుగు మాటలు కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు.

లెక్క పూర్తయ్యాక ఆ అమ్మాయికి ముప్పై రూపాయల జీతంతో పరభాష నేర్చుకున్న ఒక మేష్టారి సంగతి చెప్పాను. ఆయనది మన జిల్లాయే. ఆగస్టు 29న మీ బడిలో ఒక పటానికి దండ వేస్తారు. తలపాగా, మీసాలు ఉన్న ఆ పెద్దాయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనగా మీకు తెలుసు. మనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలని ఆయన గట్టిగా వాదించారు. మీరు ఇప్పుడు ఈ వ్యాసాన్ని నిఘంటువు లేకుండా చదువుతున్నారంటే అందులో ఆయన చలవ ఉంది. కాని ఆ పోరాటానికి చాలా ఏళ్ళ ముందే ఆయన ఇంకొక పని మొదలుపెట్టారు. నాకు ఆ పనే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. దాన్ని చూడటానికే ఇప్పుడు బయలుదేరుదాం.

విజయనగరం స్టేషనులో రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. నెల్లిమర్ల, చీపురుపల్లి దాటాక పొందూరు వస్తుంది. సన్నటి ఖద్దరుకు పేరుపడ్డ ఊరు అదే. తరవాత నాగావళి. ఆపైన ఆముదాలవలస. దీన్నే శ్రీకాకుళం రోడ్డు స్టేషను అంటారు. అక్కడినుంచి వంశధార వంతెన దాటి నౌపడ చేరతాం. అక్కడ ఉప్పు మడులు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. నౌపడలో రైలు దారి చీలుతుంది. ఒక పాయ సముద్రపు వారగా కలకత్తా వైపు పోతుంది. రెండో పాయ టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల వైపు తిరుగుతుంది. ఈ రెండో దారిని పర్లాకిమిడి రాజావారు వేయించారు. ఇరవై అయిదు మైళ్ళ దారి, 1900లో మొదలయింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలమీద బొమ్మ రైలులాగా చిన్న బండి నడిచేది. మా చిన్నతనంలో దాన్ని ఎక్కటమే ఒక పండుగ. 2004లో దాన్ని ఆపి, పెద్ద పట్టాలు వేసి, 2011లో మళ్ళీ నడిపించారు. ఇప్పటి బండి వేగంగా పోతుంది. నాకు మాత్రం పాతదే ఇష్టం. అది పోయే జోరుకు కిటికీలోంచి తంగేడు పువ్వు ఏదో, రేగుపండు ఏదో గుర్తుపట్టే వీలుండేది.

రామమూర్తిగారు ఈ దారిన పోయినప్పుడు ఈ రైళ్ళేవీ లేవు. ఆయన 1863 ఆగస్టు 29న, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డు ఊరు. పన్నెండో ఏట తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి, మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదివారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహపాఠి. 1879లో మెట్రిక్యులేషను ప్యాసయ్యారు. ఇంటికి ఆధారం కావాలి కదా! 1880లో, పదిహేడేళ్ళ వయసులో, పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద మేష్టరుగా చేరారు. తూర్పు కోస్తా రైలు దారి ఈ ప్రాంతానికి వచ్చింది 1890 తరవాతి సంగతి. కనుక అప్పట్లో విజయనగరం నుంచి పర్లాకిమిడి పోవాలంటే ఎడ్లబండే గతి, లేదా కాలినడక. వంశధారలో వరద ఉంటే ఒడ్డున పడిగాపులు పడాలి.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశా రాష్ట్రంలో గజపతి జిల్లాకు ముఖ్య పట్టణం. పాతపట్నం దాటి కాస్త దూరం పోతే అదే వస్తుంది. రాష్ట్రం మారినట్టు దుకాణాల మీది అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది. ఊరి పక్కన మహేంద్రతనయ పారుతుంది. అది ముందుకు పోయి వంశధారలో కలుస్తుంది. ఉత్తరంగా చూస్తే నీలంగా కొండల వరస. ఆ వరసలోదే మహేంద్రగిరి, ఎత్తు 1501 మీటర్లు. ఆ కొండలనుంచి చింతపండు, పసుపు, తేనె, కట్టెలు మోసుకుని దిగి వచ్చేవారే సవరలు. వాళ్ళు తమను 'సోర' అని చెప్పుకుంటారు. సంతలో షావుకారు తెలుగులోనో, ఒడియాలోనో లెక్క చెబుతాడు. సవరకు ఆ లెక్క అర్థం కాదు. తన సరుకు ఎంత తూగిందో, ఎంత డబ్బు రావాలో అడగటానికి నోట మాట ఉండదు. మాట తెలియనివాడిని మోసం చెయ్యటం ఎంత సులభమో మీరే ఊహించుకోండి.

కొత్త మేష్టరుకు ఈ మనుషుల భాష నేర్చుకోవాలనీ, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలనీ బుద్ధి పుట్టింది. ఎవరూ ఆయనను అడగలేదు. పరీక్ష లేదు, పట్టం లేదు, ఉపకార వేతనం అసలే లేదు. మన అమ్మాయికి సియోల్‌లో గురువులు, పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు సిద్ధంగా ఉంటాయి. ఆయనకు సవర భాషలో ఒక్క పుస్తకం కూడా లేదు. ఉండటానికి ఆ భాషకు లిపే లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ముప్పై రూపాయల జీతంలో ఇంకో మనిషికి తిండి పెట్టటం ఆ రోజుల్లో కూడా చిన్న సంగతి కాదు. కొండమనిషిని బ్రాహ్మణుల ఇంట ఉంచుకోవటం చూసి ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలు అనే కాలం అది. సెలవులు వస్తే ఆయన కొండలెక్కి సవర పల్లెలకు పోయేవారు.

ఆ భాష ఎంత దూరపుదో చెబుతాను వినండి. తెలుగుకు తమిళం, కన్నడం, కువి, గోండి చుట్టాలు. ఒడియాకు బెంగాలీ, హిందీ చుట్టాలు. సవర ఈ రెండు వంశాలలోనూ చేరదు. అది ముండా భాష. సంతాలీ, ముండారీ దానికి దగ్గర బంధువులు. దూరపు బంధువులు ఎక్కడున్నారనుకున్నారు? కాంబోడియాలో మాట్లాడే ఖ్మేర్ భాష, వియత్నాం వాళ్ళ భాష. అంటే పాతపట్నం బస్సు దిగి కొండెక్కితే, భాషను బట్టి మీరు బంగాళాఖాతం దాటి అవతలి ఒడ్డుకు చేరినట్టే. పరదేశం అని ఊరికే అనలేదు.

ఆ భాషలో లెక్కపెట్టటం చూడండి. అబోయ్, బాగు, యాగి, ఉంజి అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏడు గుల్జి. పది గల్జి, పదకొండు గల్ముయ్, పన్నెండు మిగ్గల్. మనం పది వరకు పోయి 'పది మీద ఒకటి' అని మళ్ళీ మొదలుపెడతాం. వాళ్ళు పన్నెండు వరకు పోయి మొదలుపెడతారు. పదమూడు అంటే మిగ్గల్‌బోయ్, పన్నెండున్నూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండున్నూ ఏడు. ఇరవైకి వేరే మాట ఉంది. అక్కడినుంచి ఇరవైలు లెక్క. ఇప్పుడు ముప్పై తొమ్మిదిని విడగొట్టండి. ఇరవై, పన్నెండు, ఏడు! ఇది తప్పు లెక్క అని ఎవరైనా అంటే, గడియారం పన్నెండు వరకే ఎందుకు పోతుందో, అరటిపళ్ళు డజన్ల లెక్కన ఎందుకు అమ్ముతారో అడగండి.

ఇంకో చిత్రం ఉంది. మన అక్షరమాలలో ఏ పనీ లేక కూర్చునే 'ఞ' అక్షరానికి అక్కడ చేతినిండా పని. 'ఞమ్‌కిద్‌తమ్' అనేది ఒకే మాట. అందులో 'ఞమ్' అంటే పట్టుకోవటం, 'కిద్' అంటే పులి, చివరి 'అమ్' అంటే నిన్ను. మొత్తం కలిపితే 'పులి నిన్ను పట్టుకుంటుంది' అని అర్థం. మనం మూడు నాలుగు మాటల్లో చెప్పేదాన్ని వాళ్ళు క్రియ కడుపులో పులిని కూర్చోబెట్టి ఒక్క మాటలో చెప్పేస్తారు. అడవిలో పులి ఎదురైనప్పుడు ఇంత పొట్టి వాక్యం ఎంత ఉపయోగమో!

ధ్వనుల సంగతి ఇంకా కష్టం. చిన్నపిల్లలు అన్నం వద్దని చెప్పటానికి 'ఆఁ-ఆఁ' అంటారు చూడండి. ఆ రెంటి మధ్య గొంతు టక్కున మూసుకుని తెరుచుకుంటుంది. సవరలో అలా గొంతు మూసుకోవటం కూడా ఒక ధ్వనే. దానికి తెలుగులో అక్షరం లేదు. అందుకని రామమూర్తిగారు ప్రపంచంలో భాషాశాస్త్రజ్ఞులు ధ్వనులు రాసుకునే పద్ధతిని స్వయంగా నేర్చుకుని, ఆ గుర్తులతో సవర మాటలు రాశారు. ఇదంతా చెవితో చేసే పని. ఒకే మాటను పదిసార్లు పలికించుకుని వినాలి.

ఆ చెవికే ముప్పు వచ్చింది.

ఆ కొండల్లో మన్యపు జ్వరం విపరీతంగా ఉండేది. చలి వణికించి, ఒళ్ళు కాలిపోయి, చెమట పోసి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. దీన్ని మలేరియా అంటాం. ఇది దోమవల్ల వస్తుందని ఆ రోజుల్లో లోకంలో ఎవరికీ తెలియదు. కొండగాలి పడలేదనీ, కొండనీళ్ళు పడలేదనీ అనుకునేవారు. మన సికింద్రాబాదులో పనిచేసిన రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు 1897 ఆగస్టులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అప్పటికి మన మేష్టారు పర్లాకిమిడి వచ్చి పదిహేడేళ్ళయింది. జ్వరానికి ఉన్న మందల్లా క్వినైను ఒక్కటే. అది సింకోనా అనే చెట్టు బెరడునుంచి తీస్తారు, పరమ చేదు. జ్వరాన్ని అణుస్తుంది గాని, మోతాదు ఎక్కువైతే చెవుల్లో హోరు పుడుతుంది, వినికిడి తగ్గుతుంది. రామమూర్తిగారికి మాటిమాటికీ జ్వరం వచ్చింది, మాటిమాటికీ క్వినైను మింగారు. క్రమంగా చెవుడు వచ్చేసింది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చెవితో చెయ్యవలసిన పని పట్టుకున్న మనిషికి చెవులు పోయాయి. వెనక్కి వచ్చేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన బడి ఉద్యోగం చేస్తూనే, ప్రైవేటుగా బి.ఏ. చదివి ప్యాసయ్యారు. ముఖలింగం గుళ్ళలో రాతిమీద ఉన్న శాసనాలు సొంతంగా చదవటం నేర్చుకుని, వాటిమీద వ్యాసాలు రాశారు. సవర పని మాత్రం వదల్లేదు. సవర భాషలో వాచకాలు రాశారు. కొండ పల్లెల్లో తన సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చి, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు. కొడుకు సీతాపతిగారు కూడా ఆ భాష నేర్చి పండితుడయ్యారు. 1911లో రామమూర్తిగారు ఉద్యోగం విరమించారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. అప్పటికి ఆయనకు అరవై ఏడెనిమిదేళ్ళు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. నిఘంటువును చేత్తో పట్టుకుని చూసుకోవటానికి ఆయనకు కొంత వ్యవధి అయినా దొరికింది.

నడుమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. అర్ధశతాబ్దం పైగా కాపురమున్న ఊరు వదిలి ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. సవర కొండలు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. అదే సంవత్సరం కొండమీద మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి తయారుచేశాడు. దాని పేరు 'సొరాంగ్ సొంపెంగ్'. సెజోంగ్ రాజుకు పండితుల కొలువు ఉంది. గొమాంగోకు రాజ్యం లేదు. అయినా ఆ లిపి నిలిచింది. 2012 నుంచి లోకంలోని కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే లిపుల పట్టికలో దానికి కూడా చోటు దొరికింది.

పర్లాకిమిడిలో మధ్యాహ్నం భోజనం చేశాక, వచ్చిన దారిన కాకుండా బస్సులో పాతపట్నం, కొత్తూరు మీదుగా సీతంపేట రండి. 2022లో జిల్లాలు మారినప్పుడు సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. పాతపట్నం, కొత్తూరు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి. దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. జీడిమామిడి తోటలు, వాటి మధ్య అనాస మొక్కలు, అక్కడక్కడ ఆకులు వేలాడేసుకున్న జీలుగు చెట్లు. కొండ వాలున మెట్లుమెట్లుగా చెక్కిన వరిమళ్ళు కనిపిస్తే ఒకసారి దిగి చూడండి. రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి గట్టు కడతారు. సున్నం లేదు, సిమెంటు లేదు. పై మడినుంచి నీరు కింది మడిలోకి జారుతుంది గాని మట్టి కొట్టుకుపోదు. వానకాలమంతా నిలబడే ఆ గట్లను కట్టటం సవరలకు తాతముత్తాతలనాటి విద్య.

పల్లెలో ఇళ్ళు ఎదురెదురుగా రెండు వరసలు. కొన్ని ఇళ్ళలో లోపలి గోడమీద బియ్యపు పిండితో వేసిన బొమ్మలు ఉంటాయి. సన్నని గీతల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చెట్టుమీద కోతి. అవి అలంకారానికి వేసినవి కావు. చనిపోయిన పెద్దలకు ఇల్లుగా వేసినవి. ఇంటివారు రమ్మంటేనే లోపలికి వెళ్ళి చూడాలి. ఫోటో తియ్యాలంటే అడిగి తియ్యాలి. మన దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చి ఎవరో ఫోటోలు తీస్తే మనకెలా ఉంటుంది?

నేను కొండవార బళ్ళలో పనిచేసిన రోజుల్లో ఒకటో తరగతిలో కొత్తగా చేరిన సవర పిల్లలను చూసేవాణ్ణి. 'కూర్చో' అంటే నిలబడే ఉండేవారు. 'నీ పేరేమిటి' అంటే నేల చూపులు చూసేవారు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలే బడికి వస్తే మూగవాళ్ళయ్యేవారు. పై తరగతి పిల్లవాడు ఒకడు వచ్చి వాళ్ళ భాషలో ఒక్క మాట చెబితే చాలు, ముఖాలు విప్పారేవి. పట్టుమని నెల తిరక్కుండా కొందరు బడి మానేసేవారు. వాళ్ళకు తెలివి లేదని అనేవారు కొందరు. మనలో ఎవరినైనా రేపు పొద్దున్న సియోల్‌లో ఒకటో తరగతిలో కూర్చోబెడితే మన తెలివి కూడా అంతే.

2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ వంటి కొన్ని గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేయటం మొదలయింది. సవర వాచకాన్ని తెలుగు అక్షరాలతోనే రాశారు. రామమూర్తిగారు సొంత జీతంతో బళ్ళు పెట్టిన వందేళ్ళకు ఆ మాట ప్రభుత్వపు పుస్తకంగా వచ్చింది. అవి అన్ని ఊళ్ళకూ చాలినన్ని అందలేదు, ఆ భాష వచ్చిన ఉపాధ్యాయులు అన్ని బళ్ళలోనూ లేరు. అయినా ఒక పిల్లవాడు తన అమ్మ మాటను అచ్చులో మొదటిసారి చూసి, వేలు పెట్టి చదవటం నేను చూశాను. అలాంటిది చూడటానికి ఎంత దూరమైనా నడవవచ్చు.

ఈ భాష నేర్చుకోవటానికి పరదేశాలనుంచి కూడా వచ్చారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లీషు విద్యార్థి 1970ల నడుమ ఒరిస్సా వైపు సవర పల్లెలకు వచ్చి, వాళ్ళ ఇళ్ళలో ఉండి, వాళ్ళు తిన్నది తిని భాష నేర్చుకున్నాడు. చనిపోయినవారితో సవరలు ఎలా మాట్లాడతారో వివరిస్తూ 1993లో పెద్ద గ్రంథం రాశాడు. ఆయన మనవాళ్ళ దగ్గరకు చదువుకు వచ్చాడు, మన అమ్మాయి సియోల్‌కు చదువుకు పోతానంటున్నది. లెక్క సరిపోయింది.

మీరు సీతంపేట వెళ్ళేటట్టయితే కార్తీకం, మార్గశిరం మంచి రోజులు. కొండమీద పొద్దున్న మంచు ఉంటుంది, దుప్పటి ఉంచుకోండి. పాలకొండనుంచి బస్సులు ఉన్నాయి, ఖర్చు పెద్దగా ఉండదు. రాత్రి ఉండాలంటే దోమతెర తప్పకుండా పట్టుకెళ్ళండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు కూడా ఉండాలి. చెట్టును చూపించి పేరు అడగండి, నీళ్ళను చూపించి పేరు అడగండి. విన్నది విన్నట్టు రాసుకోండి. మీరు పలికింది విని వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, మళ్ళీ పలకండి.

అనాసపళ్ళ రోజుల్లో వెళితే సంతలో పళ్ళు గుట్టలు పోసుకుని సవర అవ్వలు కూర్చుంటారు. బేరం తెలుగులోనే సాగుతుంది. లెక్క మాత్రం వాళ్ళ మాటలో మొదలుపెట్టి చూడండి. అబోయ్, బాగు, యాగి... అవ్వ తలెత్తి చూసి, తక్కినవి తనే అందుకుంటుంది. మిగ్గల్ దాకా వచ్చాక ఆమె ఆగి మీ ముఖంలోకి చూస్తే, పదమూడో పండు పేరు మీరే చెప్పండి.